గోవిందా అన్నాక పాస్‌వర్డు

కరోనా సద్దుమణిగి ఓడల మరమ్మతులు మళ్లీ జోరందుకున్న ఏడాది, పని కోసం దేశం దాటి వెళ్లిన నన్ను సెంబవాంగ్‌లోని ఒక షిప్‌యార్డులో కటింగ్ షెడ్డు కంప్యూటరు దగ్గర వేశారు. అంతకుముందంతా గ్రైండింగే. కొత్త పని ఏమిటంటే, ఆఫీసులో గీసిన కొలతల ఫైలును, ఫైళ్లు పంపే ప్రోగ్రాంలో లాగిన్ అయి, కటింగ్ మెషీనుకు చేర్చడం. మెషీను ఆ ప్రకారం ఇనప రేకును కోస్తుంది.

నాది ఐదో తరగతి చదువు. అందుకని పాస్‌వర్డును అక్షరాలుగా కాక, హార్మోనియం మెట్లలా వేళ్లకు నేర్పుకున్నాను. కన్ను ఎటున్నా చేతులు టకటకా కొట్టేసేవి.

దసరాకు మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టాం, కీబోర్డుతో సహా. మర్నాడు పొద్దున్న లాగిన్ కొడితే పాస్‌వర్డు తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పే. మూడోసారికి అకౌంటుకు తాళం పడింది. డాకులో, అంటే నీళ్లు తోడేసి ఓడను నిలిపే గోతిలో, ఓడ ఉంది. దాని అడుగున వెయ్యాల్సిన రేకు ఇంకా కొయ్యలేదు. సాయంత్రం పోటుకు డాకులోకి నీళ్లు వదులుతారు. ఆలోగా రేకు అతక్కపోతే ఓడ కదలదు.

ఫోర్‌మన్ లిమ్ కీబోర్డు మీద కుంకుమ చూసి, "అయ్యో, యువర్ గాడ్ పౌడర్ గో ఇన్‌సైడ్ లా!" అన్నాడు, అక్కడి ఇంగ్లీషు యాసలో. మెషీను నడిపే గురువులు అనే అతను మా శ్రీకాకుళం వాడే, వెటకారంలో లిమ్ కంటే ఇంకా ఎక్కువ. "బొట్టెట్టమంటే తానం చేయించేసినావేటి!" అన్నాడు.

ఆఫీసు నుంచి ఐటీ ఇంజనీరు పద్మజ వచ్చింది. అక్కడే బిషాన్ అనే పేటలో ఉండే తెలుగమ్మాయి. నా తాళం తీసి, తన పేరుతో లాగిన్ అయితే చక్కగా అయింది. కానీ మెషీనుకు ఫైలు పంపే అనుమతి నాకే ఉంది. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు కొట్టకూడదు. నన్ను కొట్టమంది. తప్పు. కొత్త కీబోర్డు తగిలించింది. అయినా తప్పే.

"సూసినావా, నా కుంకం తప్పేటీ లేదు!" అన్నాను గురువులుతో.

"అంకుల్, స్క్రీన్ సంగతీ, తాళం సంగతీ నేను చూస్తా. మీరు ఎప్పట్లాగే కొట్టండి" అని పద్మజ వంగి చూసింది. వెంటనే, "మీరు కొట్టినన్ని చుక్కలు పడట్లేదు అంకుల్! మొదటివి మింగేస్తోంది!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది.

ముందురోజు ప్రోగ్రాం మార్చారట. పేరు కొట్టాక పాస్‌వర్డు పెట్టె తెరుచుకోవడానికి ఒక్క క్షణం పడుతోంది. ఆ సందులో కొట్టిన అక్షరాలు గల్లంతు. ఆమె ఆగి కొడుతుంది కాబట్టి ఆమెకు తెలియలేదు.

ఆగి కొట్టమంది. ఆగితే నా వేళ్లు దారి తప్పాయి. "ఆగితే నాకు రాదమ్మా" అన్నాను.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించి నవ్వింది. "రేకులెత్తేటప్పుడు మీరంతా గోవిందా అని ఒక్క పట్టు పడతారు కదా? పేరు కొట్టి, గోవిందా అని, పాస్‌వర్డు పట్టండి."

పేరు కొట్టాను. షెడ్డంతా "గోవిందా!" అంది. వేళ్లు పరిగెత్తాయి. లాగిన్ అయిపోయింది!

రేకు కోశారు, అతికారు. సాయంత్రం ఓడ నీళ్ల మీద తేలుతుంటే లిమ్ అందరికీ తే తారిక్ అనే నురగ టీ ఇప్పించాడు. ప్రోగ్రాం బాగుచేసేదాకా, నేను కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు, అతనే ముందుగా "గోవిన్‌డా!" అనేవాడు.

ఆ తర్వాత నేను చాలామందికి ఆ పని నేర్పాను. ఎవరైనా మెషీను మాట వినడం లేదంటే, నేను చేసి చూపించేవాణ్ని కాదు. అతన్నే చెయ్యమని, చేతులు చూసేవాణ్ని. నేను చేస్తే నాకు పనిచేస్తుంది. అతని ఇబ్బంది అతని దగ్గరే ఉండిపోతుంది.