ప్లస్సు అన్నాడు పౌలు

మార్కాపురంలో కంభం పోయే రోడ్డు మీద, పలకల ఫ్యాక్టరీలు దాటాక ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద 'పౌలు ఆటో ఎలక్ట్రికల్స్' అని ఉంటుంది. ఆరేళ్లుగా అందులో పని చేసేది మాత్రం పౌలు కాదు, ఆయన భార్య హెలెన్. ట్రాక్టర్ల సెల్ఫ్ మోటార్లు, ఆటోల హారన్లు, లారీల లైట్లు, ఏది వచ్చినా ఆమే చూడాలి. యాభై నాలుగేళ్ల మనిషి. పొద్దున లేచేసరికి కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో కాసేపు పెట్టుకుంటే తప్ప స్క్రూడ్రైవర్ పట్టు దొరకదు.

పౌలుకు పక్షవాతం వచ్చింది ఒక ఎండాకాలం, లారీ కింద పడుకుని వైర్లు కలుపుతుండగా. కుడిచెయ్యి పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది. మాట కూడా వచ్చింది గానీ తలకిందులుగా వచ్చింది. పైన అనాల్సింది కింద అంటాడు. ఫ్యాను వెయ్యమనాలంటే ఆపమంటాడు. "లోపల ఆయనకు అంతా సరిగ్గానే ఉంటుందమ్మా, నోటిదాకా వచ్చేసరికి మాట మారిపోతుంది," అన్నాడు ఒంగోలు డాక్టరు.

షెడ్డు మూసేస్తే తిండికి ఇంకో దారి లేదు. అందుకని పౌలు కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, హెలెన్ చేసేది. ఎర్రవైరు అంటే నల్లవైరు పట్టుకోవాలి. బిగించు అంటే విప్పాలి. మొదట్లో ప్రతి మాట దగ్గరా ఆగి, తిప్పుకుని, అప్పుడు చెయ్యి కదిపేది. రెండేళ్లు గడిచాక ఆగే పని లేకుండా పోయింది. ఆయన చెప్పడం, ఆమె తిప్పుకోవడం ఊపిరి తీసుకున్నట్టు జరిగిపోయేవి.

పోయిన మాఘంలో గోవర్ధన్ ఒక పాత అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టించుకుని షెడ్డుకు తెచ్చాడు. ఆయనది పలకల ఫ్యాక్టరీ. పలకలు బాగా అమ్ముడుపోయే రోజుల్లో వాళ్ల నాయన కొన్న కారు అది. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ వెనక పట్ట కింద పడి ఉంది. ఇప్పుడు ఇంజను బాగుచేయించి, మీగడ రంగు వేయించాడు. వెనక సీటులో అట్టపెట్టె ఉంది. దాంట్లో కారు వయసుదే ఒక రేడియో, మీట నొక్కితే మోటారుతో పైకి లేచి కిందికి దిగే కడ్డీ ఏరియల్. రెండూ మద్రాసు పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చినవి.

"ఒంగోల్లో అడిగితే అంత పాతది మేం ముట్టుకోమన్నారక్కా. పౌలన్నకైతే తెలుసు గదా," అన్నాడు.

హెలెన్‌కు ఆ పని ఒప్పుకోవాలని లేదు. అప్పటికే రెండు ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. నడుం లాగేస్తోంది. "ఆయనకు తెలుసు సారూ. చెయ్యాల్సింది నేను గదా," అంది. ఈలోగా పౌలు కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ కారు దగ్గరికి పోయి, డ్యాష్‌బోర్డులో రేడియో కోసం వదిలిన ఖాళీ మీద ఎడమచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆరేళ్లలో ఎవరూ పిలవకుండా ఆయనే లేచి ఒక బండి దగ్గరికి పోవడం ఆమె చూడలేదు. సరే, వదిలిపొమ్మంది.

మొదటిరోజు ఏరియల్‌తోనే సరిపోయింది. ముందు మడ్‌గార్డుకు రూపాయి బిళ్లంత బెజ్జం వెయ్యాలి. కొత్త రంగు మీద డ్రిల్లు జారితే మళ్లీ పూడ్చలేరు. పౌలు లోపలివైపు తడిమి, చక్రం తగలని చోటు చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. హెలెన్ దాని మీద టేపు అంటించి, సన్నబెజ్జంతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెద్దది చేసింది. అయిపోయేసరికి పొద్దుగూకింది.

రెండోరోజు డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని రేడియో బిగించింది. మెడ పట్టేసింది. చివరికి బ్యాటరీ మిగిలింది. దాన్ని గోవర్ధన్ విడిగా చార్జింగ్ చేయించి పంపాడు. రెండు తీగల్లో ఒకటి ఇంజనుకు పోవాలి, ఒకటి బండి బాడీకి పోవాలి.

"ఏమయ్యా, బాడీకి ఏది?" అని అడిగింది.

"ప్లస్సు," అన్నాడు పౌలు.

ఆమె మైనస్సు తీగ తీసుకుని బాడీకి కలిపింది. ఆమె చేసిన ఏ బండికైనా అంతే.

పౌలు కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టాడు. "ప్లస్సు! ప్లస్సూ!"

"విన్న్యాలే. కలిపినా గదా," అంది.

ఏరియల్ మీట పైకి నొక్కింది. మోటారు మూలిగింది గానీ కడ్డీ పైకి రాలేదు. లేవాల్సింది కిందికి గుంజుతోంది. మోటారు తీగలు తిరగేసి బిగించినట్టున్నానని వాటిని మార్చింది. ఈసారి కడ్డీ నిగనిగలాడుతూ లేచింది. పౌలు లేవబోయి కుర్చీతో సహా పక్కకు ఒరిగాడు. పడకుండా ఆమె ఒక చేత్తో పట్టుకుంది. "ఉండయ్యా, అయిపోయింది," అంటూ ఇంకో చేత్తో రేడియో మీట తిప్పింది.

లోపల టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ.

బ్యాటరీ తీగ పీకేసి పౌలు వైపు తిరిగింది. ఆయన అరవడం మానేశాడు. గోడకేసి చూస్తున్నాడు. అప్పుడు తట్టింది ఆమెకు. టార్చి తీసుకుని బానెట్ కింద వెదికితే, తుప్పు గీకాక, బాడీకి పోయే పాత తీగ దగ్గర రేకు మీద కూడిక గుర్తు పొడిచి ఉంది. ఆ కాలం బండ్లలో కొన్నిటికి బాడీకి కలిపేది ప్లస్సే. ఆయన రెండుసార్లు, మూడుసార్లు సరిగ్గానే చెప్పాడు.

గోవర్ధన్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వచ్చి డ్యాష్‌బోర్డు కిందికి వంగి చూశాడు. "నాలుగు నెలలు తిరిగినానక్కా దానికోసం," అన్నాడు చివరికి.

"తప్పు నాదే సారూ. ఆయన సరిగ్గానే చెప్పినాడు. నేనే వినలా."

గోవర్ధన్ పౌలు వైపు చూశాడు. పౌలు చూపు తిప్పుకున్నాడు.

రేడియో విప్పి ముందు పెడితే పౌలు ఎడమచేతి వేలితో లోపల ఒక ట్రాన్సిస్టర్ మీద తట్టాడు. మాడింది అదొక్కటే. అట్లాంటిది మార్కాపురంలో ఎక్కడా దొరకలేదు. గిద్దలూరులో నరసింహులు అనే పాత రేడియో మెకానిక్ ఉన్నాడు, పౌలుకు కుర్రతనం నాటి స్నేహితుడు. దుకాణం ఎత్తేసి ఇప్పుడు గొర్రెలు సాకుతున్నాడు. హెలెన్ మర్నాడు బేస్తవారిపేట మీదుగా పోయే బస్సెక్కింది. ఎండిన కంది చేలు, రాళ్లగుట్టలు కిటికీలో పోతున్నాయి. ఎదర సీటు కడ్డీకి తల ఆనించి గిద్దలూరు దాకా నిద్రపోయింది.

నరసింహులు అటక మీది నుంచి చచ్చిపోయిన రేడియో ఒకటి దించి, దాంట్లోది ఊడదీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"పౌలు మాట్లాడతాండాడా చెల్లెమ్మా?"

"మాట్లాడతాడన్నా. అన్నీ తిరగేసి."

"అన్నీనా?"

ఆమె వెంటనే అవునని చెప్పబోయింది. ఆగిపోయి, పొట్లం కొంగున ముడేసుకుంది.

తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు. చల్లగా ఉందంటే ఉక్కపోస్తోందనుకుని ఎన్నిసార్లు దుప్పటి లాగేసిందో. చాలన్నప్పుడు ఇంకో గరిటె వడ్డించింది. ఆయన మారుమాట లేకుండా తిన్నాడు. అందులో ఎన్ని మాటలు తిరగబడ్డవి, ఎన్ని సరైనవి? ఎప్పటి నుంచి కొన్ని మాటలు సరిగ్గా రావడం మొదలైంది? తెలుసుకునే దారి లేదు. కాదని చెప్పడం కూడా ఆయన విసిగిపోయి మానేసి ఉంటాడు.

షెడ్డుకు వచ్చి ట్రాన్సిస్టర్ అతికించింది, ఏరియల్ మోటారు తీగలు మళ్లీ మొదటిలాగే బిగించింది. ఈసారి రెండు తీగలూ పౌలు కళ్ల ముందు పెట్టింది. "నోటితో వద్దు. వేలు పెట్టు," అంది. ఆయన వేలు పెట్టలేదు.

"ఆరేళ్లు," అన్నాడు మెల్లగా.

హెలెన్ ఆయన పక్కన నేల మీదే కూలబడింది. "తెలుసుకోలేకపోయినానయ్యా. పొద్దునుంచి పొద్దుగూకేదాకా పని. ఆగి అడిగే ఓపిక నాకు లేకపాయె," అంది. ఏడవడానికి కూడా అలసటగానే ఉంది ఆమెకు. కొంతసేపటికి ఆయన ఎడమచెయ్యి చాచి ప్లస్సు తీగను బాడీ వైపు నెట్టాడు.

రేడియో గరగరలాడింది. పౌలు మీట తిప్పుతూ పోతే ఒకచోట ఎవరో మినుముకు మందు కొట్టడం గురించి చెబుతున్న గొంతు తేలింది. గోవర్ధన్ వచ్చి ఏరియల్‌ను నాలుగుసార్లు లేపి దించి, చిన్నపిల్లాడిలా నవ్వి, కారు తీసుకుపోయాడు. దుమ్ము పట్టి కడ్డీ ఇరుక్కున్నప్పుడల్లా ఇప్పటికీ తెస్తాడు. హెలెన్ గుడ్డతో తుడిచి పంపుతుంది.

ఆ తర్వాత ఆమె ఏది అడిగినా రెండూ చూపించి అడగడం మొదలుపెట్టింది. నీళ్లా, మజ్జిగా? ఇదా, అదా? ఆయన వేలు పెట్టిందాకా ఆగుతుంది. పది నిమిషాల పని ఇరవై నిమిషాలవుతోంది. మూడు ట్రాక్టర్లు వరసలో ఉండి, వేళ్లు ముడుచుకుపోయిన రోజు ఆగదు, తోచింది చేసేస్తుంది. అట్లాంటి రోజు పౌలు కుర్చీని కొంచెం ముందుకు జరుపుకుని, ఆమె చేతులనే చూస్తూ కూర్చుంటాడు.