ఆస్పత్రి పని మీద వచ్చినాం

పోయిన ఎండాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా నా భార్య ఉన్నట్టుండి ఒక మాట అడిగింది.

"రెండు దినాలు కర్నూల్లో ఆ ఏసీ హోటల్లో ఉండి వద్దామా?"

మా ఇల్లు కల్లూరులో. మా వీధి చివర షేర్ ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్నవాడితో మాట కలిసేలోపే ఆమె చెప్పిన హోటలు వచ్చేస్తుంది. సొంత ఇల్లు పెట్టుకుని ఆ పక్కనే హోటల్లో దిగేవాళ్లను నేను చూడలేదు. సెలవులంటే మాకు శ్రీశైలమో తిరుపతో. అయినా నేను ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "సరే, పోదాంలే" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, మజ్జిగ తేవడానికి లేచింది.

ఎందుకు సరే అన్నానో చెప్పాలి. నాది కాలిపోయిన బోరుబావి మోటార్లకు కొత్త తీగ చుట్టే రీవైండింగ్ షెడ్డు. తీగ కాలిపోకముందే వాసన పట్టడం నా బతుకుతెరువు. ఆ బుద్ధి మోటార్లతో ఆగలేదు, మనుషుల మీదకూ పాకింది. ఎవడైనా నవ్వుతూ పలకరిస్తే వీడికేం కావాలో అనుకుంటాను. పాలు పల్చగా ఉంటే పాలాయన్ని అనుమానిస్తాను, చిక్కగా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానిస్తాను. అలాంటి నాకు కొన్నాళ్లుగా మా ఇంట్లోనే ఏదో తేడాగా అనిపిస్తోంది.

ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి పోతూ మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడుతోంది. రాత్రిపూట సంగటి మానేసింది. పొద్దున్నే నేను లేచేసరికి వంటింట్లో ఏదో చేదు వాసన, కానీ పొయ్యి మీద గిన్నె ఉండదు. ఏమైందని అడిగితే "ఏంలేదు" అంటుంది. ఏంలేదు అనే మాటంత అనుమానించాల్సిన మాట నాకు తెలిసి ఇంకోటి లేదు. నా దగ్గరికి కాలిపోయిన మోటారు తెచ్చే ప్రతి రైతూ మొదట ఆ మాటే అంటాడు.

ఇక కర్నూల్లో హోటలు అనగానే మా వైపు మనుషులకు గుర్తొచ్చేది ఒక్కటే. కోయిలకుంట్లలో ఉన్న మా బంధువులు గానీ, ఇంకా దూరం నుంచి వచ్చేవాళ్లు గానీ, ఈ ఊళ్లో రూము తీసుకున్నారంటే ఎవరికో ఆస్పత్రి పని పడిందనే. పరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఉండటానికి, కుట్లు విప్పేదాకా ఉండటానికి. అందుకే ఆమె హోటలు అంటే నాకు ఆస్పత్రి అని వినపడింది. ఇంట్లో చెప్పలేని మాటేదో అక్కడ చెబుతుందనుకున్నాను. చెప్పనిద్దామని సరే అన్నాను.

వెళ్లిన రోజు ఆమె కొత్త చీర కట్టుకుని మల్లెపూలు పెట్టుకుంది. ఆ పూలు చూసి కూడా నాకు భయమే వేసింది.

రిసెప్షన్లో నడివయసు మనిషి ఉన్నాడు. నా భార్య వెళ్లి సోఫాలో కూర్చుంది. అతను నా ఆధార్ కార్డు తీసుకుని ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"మీది కల్లూరే గదా సార్?"

"ఔ."

"ఆడ ఇల్లు ఉండాది గదా?"

"ఉండాది."

"మరి రూము ఎందుకు సార్?"

"ఉండనీకి."

అతను నా భుజం మీదుగా సోఫా వైపు తొంగి చూశాడు. కొత్త చీర, మల్లెపూలు, చిన్న సంచి. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. తల నెరిసిన నన్ను, నాకు కూతుర్ని కనిచ్చిన మనిషిని పట్టుకుని వీడేమనుకుంటున్నాడా అని ఒళ్లు మండింది.

"లోకలోళ్లకు రూములు ఇయ్యం సార్. మా ఓనరు పెట్టిన రూలు," అన్నాడు. నేను గొంతు పెంచేలోపే స్వరం తగ్గించి, "ఆస్పత్రి పని మీదైతే ఇస్తాం," అన్నాడు.

చుట్టూ చూశాను. ఆ హాల్లో కూర్చున్న ప్రతివాళ్ల చేతిలోనూ పెద్ద ఎక్స్‌రే కవరు ఉంది. ఒట్టి చేతులతో ఉన్నది మేమిద్దరమే.

"ఆస్పత్రి పని మీదే వచ్చినాం," అన్నాను.

"పేషెంటు ఎవరు సార్? మేడమా?"

ఎంత అబద్ధమైనా ఆ మాటకు ఔననలేకపోయాను. లోపల అదే అనుమానం పెట్టుకుని, దాన్ని నా నోటితో బయటికి అంటే నిజమైపోతుందేమోననిపించింది.

"నేనే," అన్నాను.

"ఏం ప్రాబ్లెం సార్?"

"కడుపులో."

అతని మొహం మారిపోయింది. లేచి నిలబడ్డాడు. నడవడానికి ఇబ్బంది లేకుండా లిఫ్టు పక్క రూమే ఇచ్చాడు. "ధైర్యంగా ఉండండి సార్, ఈడ దిగినోళ్లంతా నవ్వుకుంటా పోయినోళ్లే," అని తాళం చేతిలో పెట్టాడు. అంత మంచితనం చూసి ఈ మనిషికి ఏ డాక్టరు దగ్గరైనా కమీషన్ ఉందేమో అనుకున్నాను.

"ఏమంటాండాడు ఆయప్ప?" అని నా భార్య అడిగింది.

"ఏంలేదు," అన్నాను.

రూము బాగానే ఉంది, అదే నా అనుమానం. బాత్రూం గడియ లాగి చూశాను. అద్దం వెనక కెమెరా ఏమైనా ఉందేమోనని వేలు ఆనించి చూశాను. నీళ్లు కాచే కెటిల్ మూత తీసి వాసన చూశాను, ఇంతకుముందు దిగినవాళ్లు అందులో ఏం ఉడకబెట్టారో ఎవరికి తెలుసు? ఏసీ నుంచి వచ్చే చప్పుడు విని, బేరింగ్ పోవడానికి దగ్గర్లో ఉందని చెప్పాను. ఆమె అప్పటికే తెల్ల దుప్పటి మీద కాళ్లు చాపుకుని పడుకుంది.

"అన్నీ మోటార్ల మాదిరి విప్పి చూడొద్దు. వచ్చి పండుకో," అంది.

కిటికీలోంచి కొండారెడ్డి బురుజు పైభాగం కనిపిస్తోంది. ఇన్నేళ్లూ కింద నుంచి తలెత్తి చూసిందే గానీ, ఇంత ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆమెకు చూపిద్దామని తిరిగేసరికి నిద్రపోయింది. మధ్యాహ్నం పూట ఆమె నిద్రపోవడం మా ఇంట్లో నేను చూసిన గుర్తు లేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని చాలాసేపు విన్నాను.

ఆమె మేలుకున్నాక కాఫీ తాగడానికి కిందికి పోయాను. లిఫ్టులో మెడకు పట్టీ కట్టుకున్న ఒక పెద్దాయన, అతని కొడుకు ఉన్నారు. "మీదేం కేసప్పా?" అని పెద్దాయన అడిగాడు. కడుపు అన్నాను. అబద్ధం ఒకసారి మొదలుపెట్టాక మార్చడానికి వీల్లేదు కదా. పాపం, ఆయన లిఫ్టు దిగేదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

తిరిగి వచ్చి తలుపు తీయబోతుంటే లోపల నా భార్య ఫోన్లో మాట్లాడుతోంది. రాజంపేటలో ఉన్న మా కూతురితో.

"మీ నాయనకు తెలియనియ్యొద్దు మ్మా. నువ్వు ఏమీ ఎరగనట్టే ఉండు," అంటోంది. గొంతు బొంగురుగా ఉంది.

తలుపు చప్పుడుకి ఫోన్ పెట్టేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాప. ఊరికే చేసింది," అంది.

ఇక నాకు అనుమానం లేదు, నిజమే అనుకున్నాను. మా కూతురికి కూడా తెలుసు. తెలియనిది నాకొక్కడికే. ఇదిగో ఇప్పుడు చెబుతుంది, అదిగో అప్పుడు చెబుతుంది అని ఎదురుచూశాను. ఆమె చెప్పకపోగా నాకు సేవలు మొదలుపెట్టింది. ఏసీ గాలి తగలకుండా నా మెడ దాకా దుప్పటి కప్పింది. చొక్కా మడతపెట్టింది. సాయంత్రం హోటల్ వాళ్ల భోజనశాలలో నేను మటన్ బిర్యానీ చెబుతుంటే అడ్డుపడి, "ఈయనకు పెరుగన్నం తెండి, కారం వద్దు," అంది. నా బిర్యానీకి ఆమె అడ్డుపడటం అదే మొదటిసారి. దూరమైపోయే మనిషి చివరి రోజుల్లో ఇలాగే ముద్దు చేస్తుందనుకుని, నేను ఆ పెరుగన్నమే తిన్నాను. ఆమె దోసె తుంచి తుంచి ప్లేటులోనే వదిలేసింది. ఒకరినొకరం చూడకుండా చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు పొద్దున టిఫినుకి వెళ్లాం. వడ్డించే పెద్దాయన నా ముందు ప్రత్యేకంగా ఒక ప్లేటు ఇడ్లీలు తెచ్చిపెట్టాడు.

"సార్ కు నూనె లేకుండ, ఉప్పు తగ్గిచ్చి, మెత్తగా ఉడికిచ్చినాం. ఆపరేషన్ అయినాంక గూడా ఈడికే రాండమ్మా, పథ్యం మేం చూసుకుంటాం," అని నా భార్యతో అన్నాడు.

ఆయన అటు తిరిగాడో లేదో, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అందరి ముందూ, భుజాలు కదిలిపోయేలా. ఎక్స్‌రే కవర్ల వాళ్లంతా తినడం ఆపి మా వైపు చూశారు.

"ఏమ్మే, ఏమైంది?" అన్నాను.

"యా ఆస్పత్రి? యా డాక్టరు?" అంది. "రిసెప్షన్ ఆయప్పకు చెప్తావు. ఇడ్లీలు తెచ్చే ఆయప్పకు చెప్తావు. నాకు చెప్పవు! నిన్న నువ్వు కాఫీ తాగనీకి పోయినప్పుడు ఆ రిసెప్షన్ ఆయప్ప రూముకు ఫోన్ చేసి అడుగుతాండాడు, సార్ ఆపరేషన్ ఎప్పుడమ్మా, వేన్నీళ్లు పంపాల్నా అని. పాపకు ఫోన్ చేసి ఏడ్చినా."

"నాకేం రోగం లేదు. ముందు నీకేమో చెప్పు."

"నాకేముండాది?"

"గాజులు జారుతాండాయి. మెట్లు ఎక్కలేవు. తిండి మానేసినావు. పొద్దున్నే ఏదో చేదుది కాచుకుని తాగి గిన్నె కడిగి పెడతావు. నేనేం గుడ్డోడినా?"

ఆమె కొంగు తీసి నన్ను వింతగా చూసింది. తర్వాత ఏడుపులోంచే నవ్వొచ్చింది.

"కొర్రలు తింటాండా," అంది. "మోకాళ్లు నొస్తాండాయని మన వీధిలో ఆడోళ్లంతా కొర్రలు తిని, ఆకుల కషాయం తాగి సన్నబడతాండారు. వాళ్లతో పాటు నేనూ మొదలుపెట్టినా. నీకు తెలిస్తే ఊరంతా వినపడేటట్టు ఎగతాళి చేస్తావని దాచినా."

కొర్రలు. అంత పెద్ద రోగాన్ని ఊహించుకుని నేను వారాల తరబడి మోసింది పక్కింటివాళ్లు వండుకునే కొర్రలను. ఒళ్లంతా తేలికైపోయింది. అక్కడే ఆమె చెయ్యి పట్టుకున్నాను. మెడకు పట్టీ కట్టుకున్న పెద్దాయన అవతలి బల్ల దగ్గర నుంచి ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు.

లోకల్ వాళ్లకు రూము ఇవ్వమన్న సంగతీ, నేను చెప్పిన అబద్ధమూ అంతా ఆమెకు చెప్పాను.

"చెప్పేది చెప్పినావు. పేషెంటు నువ్వనే ఎందుకు చెప్పల్ల? నా పేరు చెప్పుంటే పోయేది గదా?"

"నోరు రాలే," అన్నాను.

ఆమె నా ఇడ్లీ మీద తన ప్లేటులోని కారప్పొడి వేసి, నెయ్యి కూడా పోసింది. ఆ తర్వాత అంది:

"ఆ పొద్దు నువ్వు సరే అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తెలుసునా?"

"ఎందుకు?"

"ఇన్నేండ్లలో నేను అడిగినదానికి ఎంటనే సరే అంటివా ఒక్కసారన్నా? ఆటోలో పోతా రోజూ చూస్తా ఈ హోటలును. ఉండాలని నాకు శానా ఆశే. కానీ నువ్వు ఒప్పుకుంటావని అడగలే. నువ్వు నాలుగు తిడతావు, నేను నాలుగు అంటాను, అన్నం అరుగుతాది అనుకున్నా. నువ్వు నన్ను చూడను గూడా చూడకుండా సరే అంటివి. అప్పుడే అనుకున్నా, ఈ మనిషికి ఏదో పెద్దదే వచ్చింది, పోయేలోపల నా ఆశ తీరుస్తాండాడు అని."

ఊరందరినీ అనుమానిస్తూ బతికిన నాకు, నన్ను ఒక మనిషి ఇంతగా కనిపెట్టి ఉందని తట్టలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. నీళ్లు తాగి సర్దుకున్నాను.

ఆమె తన ప్లేటు దగ్గరికి లాక్కుని, అక్కడికి వచ్చాక మొదటిసారి ఇష్టంగా ఒక పూరీ తెప్పించుకుని తింది. చేతులు కడుక్కుని వచ్చి అంది:

"ఎట్లా వచ్చినాం గదా. ఇంగొక దినం ఉందామా?"

సరే అనబోయాను. ఆమె నా పెదాల వైపే చూస్తోంది.

"ఎందుకంట? ఇల్లు లేదా మనకు?" అన్నాను, వీలైనంత గట్టిగా. "షెడ్డులో మోటార్లు గుట్టలు పడి ఉండాయి. రైతులు వచ్చి నా పేరు పెట్టి తిడతాంటారు. సుఖం మరిగినావు నువ్వు. ఆ ఏసీ బేరింగ్ ఈ పొద్దో రేపో పోతాది, అప్పుడు తెలుస్తాది!"

ఆమె మొహం విప్పారింది. "అబ్బా, ఈయనకు ఏం కాలేదు," అని తనలో తాను అనుకుని, నవ్వుకుంటూ లిఫ్టు వైపు నడిచింది. నేను రిసెప్షన్ దగ్గరికి పోయి ఇంకో రోజు ఉంటామని చెప్పాను.

"ఆపరేషన్ పోస్టుపోన్ అయిందా సార్?" అన్నాడు అతను జాలిగా.

"ఔ," అన్నాను. "నువ్వు మాత్రం రూముకు ఫోన్ చేసి ఆమెను అడగొద్దు."