వైరు పీకినాక పలికిన పేరు

అన్నం కంచం ముందు పెట్టుకుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. కావాలంటే మా బిడ్డ శిరీషను అడగండి. మాట మారుస్తుంది... అందుకే నేను చెబుతున్నాను.

మా ఆయన చెన్నూరులో చిన్న నెట్ షాపు నడిపేవారు. పోయిన వానాకాలంలో కాలం చేశారు. షాపు ఎత్తేశాం. కంప్యూటర్ ఒక్కటి ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో చదివే శిరీష దాన్ని తెల్లారి హాస్టల్‌కు తీసుకుపోతానంది. నాకేమో ఇవ్వబుద్ధి కాలేదు. పిల్ల చదువుకు అడ్డం పడబుద్ధీ కాలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక దాని ముందు కూర్చుంది. అమ్మనైన నన్ను అవ్వ అంటుంది, నాన్నను బాపు అంటుంది.

"అవ్వా, బాపు దీనికి తన పేరే పెట్టుకుండు. నీ పేరుకు మారుస్తున్న."

"నెట్ వైరు పీకేసినవ్ గదనే. దాని పేరు దానికెట్ల తెలుస్తది?"

"ఏ కంప్యూటర్ పేరు కొట్టినా దాని నంబరు చెప్తది. వేరేటోళ్ల పేరైతే నెట్‌ల బయట అడగాలె. దాని పేరే అడిగితే లోపల్నే ఒక చిన్న ముక్క ఉంటది, గది 'నేనే' అని చెప్తది. సూడు."

నా పేరు, సుగుణ అని కొట్టింది. టక్కున అంకెల వరుస వచ్చింది. నాకు నవ్వొచ్చింది.

"మరి పాత పేరు అడిగితే?"

"తెల్వదంటది. గా పేరుతోటి ఇప్పుడెవ్వరు లేరు గదా. చెప్పు, కొడ్త. జర బాపు పేరు చెప్పే, సిగ్గా?"

దొంగమొహంది! ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన పేరు నా నోట రాలేదు. మా ఇళ్లలో పలకం. రేషన్ షాపులో కూడా పక్కావిడే చెప్పేది.

గోడవైపు తిరిగి అన్నాను... "మల్లేశం."

శిరీష కొట్టింది. తెర మీద చిన్న గీత ఆరుతోంది, వెలుగుతోంది... పెట్టెలోని ఫ్యాను గుర్రుమంది... ఆగింది... రేకుల మీద వాన చుక్క. టక్... టక్... ఇంకా గీతే...

వచ్చింది. అవే అంకెలు. అదే వరుస.

శిరీష నా చేయి పట్టుకుంది. ఆ పేరే మళ్ళీ కొట్టింది. కంప్యూటర్ తెలియదంది. ఇంకోసారి. తెలియదు.

"పాతదేదో లోపల యాదికుండి ఉంటది అవ్వా."

"మరి రెండోసారి ఎందుకు రాలే?"

శిరీష వైరు వైపు చూసింది. వైరు నేల మీద చుట్టగా పడి ఉంది.

తెల్లారి ఆటో వచ్చింది. శిరీష బ్యాగు ఒక్కటే పెట్టుకుంది. "గిది నీ దగ్గర్నే ఉండనియ్యి. నేను కాలేజీ కంప్యూటర్ మీద చేస్కుంట."

ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఆయన తువ్వాల కప్పుకుని. ఆ రాత్రి పలికిందేమిటో నాకు తెలియదు. పేరు ఎక్కడ కొట్టాలో శిరీష చూపించి పోయింది. కొన్ని రాత్రులు తువ్వాల తీసి కూర్చుంటాను... నా పేరే కొట్టి చూసుకుంటాను. ఆయన పేరు మాత్రం కొట్టను.

పలకకపోతే... ఎట్లా?