కుర్చీ మాస్టారి బావమరిది

నిప్పు కనిపెట్టినవాడికీ, చక్రం దొర్లించినవాడికీ చరిత్రలో దక్కిన గౌరవం, కుర్చీని నేలమీద ఈడ్చకుండా ఎత్తి వేసుకున్న మొదటి మనిషికి దక్కలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే తాను పుట్టినట్టు ఇంటర్వ్యూ కోచ్ గారు నమ్మేవారు. ఇస్త్రీ షాపు పైన ఆయన శిక్షణ కేంద్రం, షాపు వెనకే ఇల్లు. మెట్లెక్కి వచ్చిన ప్రతి నిరుద్యోగికీ తొలిపాఠం ఒకటే: తలుపు తీయాలి, నమస్కరించాలి, కుర్చీని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా వెనక్కి జరిపి కూర్చోవాలి. "మీ గురించి సగం తీర్పు వాళ్లు అక్కడే రాసేస్తారు" అనేవారు, ఆ తీర్పు నకలు తన జేబులో ఉన్నట్టు. వీధంతా ఆయన్ని కుర్చీ మాస్టారనేది. ఎదురుగా మాత్రం అనేది కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన వల్ల మేలు జరగకపోలేదు. మొదట్లో ఒక నర్సు వచ్చింది. కొన్నేళ్లు ఇంటిపట్టునే ఉండిపోయిన మనిషి. "ఇన్నాళ్లూ ఏం చేశావంటే ఏం చెప్పను సార్? ఏమీ చేయలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారు ఆ సాయంత్రమంతా ఎదురుగా కూర్చుని, మంచాన పడ్డ మామగారికి ఆమె చేసిన సేవంతా ఒక్కొక్కటే అడిగి చెప్పించారు. "ఇదే చెప్పమ్మా. ఇలాగే చెప్పు" అన్నారు. ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన మనిషి, మర్యాదకి, "మీరు చెప్పినట్టే కుర్చీ ఎత్తాను సార్" అంది.

ఆ ఒక్క మాటతో మాస్టారు చెడిపోయారు. అప్పట్నుంచి వచ్చినవాళ్ల కథలు వినడం తగ్గింది, కుర్చీ పెరిగింది.

అలాంటి రోజుల్లో ఆయన బావమరిది పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడింది. పెళ్లాం, కూతురితో వచ్చి అక్క ఇంటి ముందుగదిలో పరుపేసుకుని దిగాడు. ఇంతలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్ కావాలన్నారు. ఆ ఉద్యోగం వస్తే వేరే ఇల్లు. రాకపోతే వచ్చేపోయేవాళ్ల చెప్పుల పక్కన అదే పరుపు.

"ఊరందరికీ చెప్తారు కదండీ, వీడికి కాస్త గట్టిగా చెప్పండి" అంది మాస్టారి భార్య.

"నీ తమ్ముడని వదిలేస్తానా?" అన్నారు మాస్టారు. వదల్లేదు.

"బావా, నా భయం వేరే. ప్రెస్సు ఎందుకు మూశారంటే ఏం చెప్పను? ఓనరు రాత్రికి రాత్రి పారిపోయాడంటే, నన్నూ అదో రకంగా చూస్తారేమో?"

"అదంతా తర్వాత. మళ్లీ ఈడ్చావు."

"నేనెక్కడ ఈడ్చాను? అదే కీచుమంది."

"కుర్చీ దానంతటది కీచుమనదు బామ్మర్దీ. కీచుమనిపించేవాడు ఉండాలి."

వంటింట్లోంచి అక్క అరిచింది: "ఒరేయ్, నడుం వంచి ఎత్తరా! పెళ్లికొడుకులా నిలబడతావేం?"

చివరికి, కుర్చీ కింద నిద్రపోయే పిల్లి లేవకుండా దాన్ని జరిపే స్థాయికి చేరాడు. పారిపోయిన ఓనరు సంగతి మళ్లీ చర్చకు రాలేదు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. చెప్పులు విప్పుతుండగానే విచారణ మొదలైంది.

"నమస్కారం?"

"పెట్టాను."

"కుర్చీ ఎత్తావా?"

"ఎత్తబోయాను. లేవలేదు. బలం చాల్లేదేమోనని మళ్లీ పట్టాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు బావా. అప్పుడు అందులో ఒకాయన, 'దాన్ని నేలకి బోల్టులతో బిగించాం, కూర్చోండి' అన్నాడు."

అక్క గరిటెతోనే ముందుగదిలోకి వచ్చింది.

"తర్వాత?"

"ప్రెస్సు ఎందుకు మూశారని అడిగారు. బోల్టులు చూస్తూ కూర్చున్నాను."

మాస్టారు తీర్పు చెప్పారు: "కుర్చీలకి బోల్టులేసుకునే సంస్థకి సంస్కారం ఉండదు. అలాంటి చోట చేరకపోవడమే మంచిది."

"చేరలేదు లెండి," అంది మాస్టారి భార్య. "ఇక్కడే ఉన్నాడు."

శిక్షణ కేంద్రం యథావిధిగా నడుస్తోంది. తొలిపాఠానికి ఒక సవరణ మాత్రం చేరింది: ఎత్తే ముందు కుర్చీని కొద్దిగా కదిపి చూడాలి.

బావమరిదికి పని దొరికింది. రోజూ పొద్దున్నే పైకెళ్లి మాస్టారి క్లాసుకి కుర్చీలు వేస్తాడు. ఈడ్చే వేస్తాడు.