ఒత్తినా పోని మచ్చలు

రెండేళ్ల కిందట శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక స్వీట్ల కౌంటర్‌లో పనిచేసేదాన్ని. రోజంతా నిలబడే ఉద్యోగం. ఒకరోజు మోకాళ్ల కింద ఎర్రటి చుక్కలు కనిపించాయి. సాక్సుల వల్లేననుకుని కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను. వారానికల్లా అవి ఊదారంగు మచ్చలయ్యాయి.

మధ్యాహ్నం భోజనాల గదిలో సాక్సులు విప్పి కాళ్లు రుద్దుకుంటుంటే, అక్కడ ఊడ్చే యాదమ్మ చూసింది. వచ్చి ఒక మచ్చను వేలితో నొక్కింది.

"ఏందక్కా గిది? ఒత్తినా పోతలేదు. ఉచ్చ ఎర్రగ వస్తుందా?"

పక్కనే మా సూపర్‌వైజర్ కూర్చుని తింటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మెల్లగా మాట్లాడు యాదమ్మా!"

"సిగ్గెందుకు? మా బిడ్డకు గిట్లనే అయితే కిడ్నీలు వాసినయన్నరు. ఇయ్యాలనే దవాఖానకు పో."

నిజానికి నాలుగు రోజులుగా మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. నీళ్లు సరిగ్గా తాగడం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. యాదమ్మ మాటలు విన్న సూపర్‌వైజర్ అప్పటికప్పుడు నన్ను ఆసుపత్రికి పంపించేశారు.

"మూత్రంలో రక్తం పోతోందమ్మా. కిడ్నీలు వాచాయి. కాళ్ల మీది మచ్చలూ, ఇదీ ఒకే జబ్బు" అన్నారు డాక్టరు, రిపోర్టు చూసి. జ్వరం లేదు, నొప్పి లేదు. మచ్చలకు ఆయింట్‌మెంట్ అడుగుదామని వెళ్లినదాన్ని, వార్డులో పడుకోబెట్టారు.

ఆరు నెలలు మందులు వాడాక కోలుకున్నాను. యాదమ్మ ఆ మాట నా చెవిలో చెప్పి ఉంటే నవ్వేసి కౌంటర్‌కి వెళ్లిపోయేదాన్ని. అందరూ వినేలా అడిగింది కాబట్టే బతికాను.

— ఓ పాఠకురాలు, శంషాబాద్