కంప్యూటర్‌కు ఒకటో తారీఖంటే ఇష్టమట

2005లో నేను వనపర్తిలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతూ, నాగర్‌కర్నూల్, గద్వాల దుకాణాలకూ ఆఫీసులకూ సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాడిని. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఉండేది. గద్వాలలో ఒక చేనేత సంఘానికి చేసిన పని ఆ పొగరు దించింది.

ఆ సంఘం నేతగాళ్లకు పట్టు నూలు ఇచ్చేది. బెంగళూరు నుంచి సరుకు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని నూలు కావలసినవాళ్లు వచ్చి పేరు రాయించుకునేవారు. ముందు రాయించుకున్నవాళ్లకు ముందు ఇవ్వాలి. పెద్ద పుస్తకంలో ఉన్న ఆ వరుసను నేను డేటాబేస్‌లోకి, అంటే కంప్యూటర్‌లోని గళ్ల పట్టికల్లోకి మార్చాను. ఒక గడిలో పేరు, ఇంకో గడిలో తారీఖు. బటన్ నొక్కితే తారీఖుల వరుసలో జాబితా ప్రింటవుతుంది.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. తెర మీద తారీఖు అమెరికా పద్ధతిలో, నెల ముందు రోజు వెనక కనిపించేది. జూన్ ఐదును సంఘం సెక్రటరీ మే ఆరుగా చదివి నా మీద గరమయ్యాడు. చూపించే తీరు మార్చడం అర్ధగంట పని. బస్సు పోతుందన్న తొందరలో నేను ఆ తారీఖు కాలమ్‌నే టెక్స్ట్ చేసేశాను. అంటే కంప్యూటర్ లెక్కన అది ఇక తారీఖు కాదు, ఉత్త రాత. ఎట్లా కొడితే అట్లాగే కనిపిస్తుంది. జూన్ తారీఖులతో పది పేర్లు కొట్టి చూశాం, వరుస సరిగ్గానే వచ్చింది. సెక్రటరీ చాయ్ తెప్పించాడు.

సెప్టెంబర్‌లో ప్రింటర్ మొరాయించిందంటే మళ్లీ వెళ్లాను. నలభై దాటిన ఒక నేతగాడు, పేరు నర్సింలు, గుమ్మం దగ్గర నిలబడి సెక్రటరీతో మాట్లాడుతున్నాడు. జూన్ ఇరవై తొమ్మిదిన పేరు రాయించుకున్నాడట. ఇంతవరకు నూలు అందలేదు.

"ఉత్త మగ్గం ముంగట ఎన్నొద్దులు కూసోవాలె సారూ? ఈసారి గూడ రాకుంటె మగ్గం ఇప్పి బొంబై పోత. మా బామ్మర్ది కిష్టయ్య నాకంటె ఒకరోజు ముందుగాల రాపిచ్చిండు. ఓపిక పట్టలేక పోయిన నెలనే పోయిండు."

"నేనేం చెయ్యాలె నర్సింలూ? కంప్యూటర్ ఎట్ల చెప్తె అట్ల," అన్నాడు సెక్రటరీ.

నర్సింలు నావైపు తిరిగాడు. "మీ కంప్యూటర్‌కు ఒకటో తారీఖంటె ఇష్టం సారూ. నెల మొదట్ల రాపిచ్చుకున్నోళ్లకే నూలు. మా గల్లీల అందరికి ఎర్కే. ఇప్పుడు ఇరవై దాటినంక ఎవ్వలు వస్తలేరు, ఒకటిదాక ఆగుతున్నరు."

నాకు నవ్వొచ్చింది. "కంప్యూటర్‌కు ఇష్టాలుంటయా అన్నా?" అన్నాను.

"ఉంటయో లేవో నాకు తెల్వదు. జర మీరే చూడుండ్రి."

ఒకటో తారీఖున వాకిలి నిండిపోతున్న మాట నిజమేనని సెక్రటరీ కూడా అన్నాడు. జాబితా తెరిచాను. పైనంతా 01, 02, 03. నా నవ్వు అక్కడే ఆగింది. రాతను కంప్యూటర్ ఎడమ నుంచి పోల్చుకుంటూ పోతుంది. 02-08-2005 సున్నాతో మొదలవుతుంది, 29-06-2005 రెండుతో. అందుకని ఆగస్టులో వచ్చిన మనిషి జూన్‌లో వచ్చిన మనిషి కంటే పైకెక్కుతాడు. నెల మారినప్పుడల్లా కొత్తవాళ్లు నర్సింలును కిందికి తోశారు. మేం పరీక్షకు కొట్టినవన్నీ ఒకే నెల తారీఖులు కాబట్టి ఇది బయటపడలేదు. నేను చూడని తప్పును ఆ గల్లీ మొత్తం ఎప్పుడో కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకుంటోంది. నాకు సిగ్గేసింది.

"తప్పు నాదే సార్," అని సెక్రటరీకి చెప్పి కూర్చున్నాను. కాలమ్‌ను మళ్లీ డేట్ టైప్‌కు, అంటే తారీఖును తారీఖుగానే దాచుకునే రకానికి మార్చాను. రోజు ముందు కనిపించాలన్న సంగతి తెరకూ ప్రింటుకూ విడిగా చెప్పాను. సరిగ్గా అర్ధగంట పట్టింది.

కొత్త జాబితా ప్రింట్ తీశాం. నర్సింలు పేరు రెండోది. మొదటిది కిష్టయ్యది.

సెక్రటరీ ఎర్ర పెన్ను తీశాడు. "ఊర్లనే లేడు గద, కొట్టేస్త."

నర్సింలు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కొట్టెయ్యకుండ్రి సారూ. ఫోన్ చేసి చెప్త. నంబరొచ్చిందంటె వస్తడేమో."

ఆ వారం వచ్చిన సరుకులో నర్సింలుకు నూలు అందింది. కిష్టయ్య రాలేదు. పోయేముందే మగ్గం అమ్మేశాడని తర్వాత తెలిసింది.

తారీఖు ఎట్లా కనిపించాలన్నది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎట్లా దాచాలన్నది మాత్రం మొదటి రోజే సరిగ్గా చేయాలి. నేను ఇది ఇంకొకరి ఖర్చుతో నేర్చుకున్నాను. ఇప్పటికీ తారీఖులున్న పని ఏది చేసినా, అప్పగించే ముందు ఒక నెలాఖరు తారీఖూ, దాని తర్వాతి నెల ఒకటో తారీఖూ కొట్టి వరుస చూస్తాను. నెలాఖరు తారీఖు పక్కన పేరు గడిలో కిష్టయ్య అనే కొడతాను. ఆ పేరు పైన వస్తేనే బస్సెక్కుతాను.