శనివారం మిషను గదిలో ఉండిపోయిన బ్యాడ్జి

నలభై మూడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రాసింది నేనే. ఒక్క మాట. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పటికి జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో చేరి ఏడు నెలలు. క్యాన్సరు రోగికి రేడియేషన్ మిషను ఎన్ని నిమిషాలు నడపాలో లెక్క కట్టడం నేర్చుకుంటున్నాను. సిబ్బంది ఛాతీమీద పెట్టుకునే బ్యాడ్జీలూ నా బాధ్యతే. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అందులోని ఫిల్ము చెబుతుంది. సాయంత్రం అన్నీ తీసుకుని అరలో పెట్టి, రిజిస్టరులో 'ఉంచిన చోటు' గడి నింపాలి. నా లెక్క తప్పదని అందరూ అనేవారు. అది వినడం నాకు ఇష్టం.

సింహాచలం రోగులను మిషను కింద సరిగ్గా పడుకోబెట్టే మనిషి. శ్రీకాకుళం వైపువాళ్లు, భాలుబాసాలో ఇల్లు, కొత్తగా పెళ్లయింది. "ఇదిగో లెక్కలమ్మా, నా బిళ్ళ. మాయావిడ పుస్తెలకన్నా దీనికే కాపలా ఎక్కువ" అని నవ్వించేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం రిజిస్టరు నింపేశాక చూస్తే, అతని బ్యాడ్జి మీద పేరుచీటీ ఊడి ఉంది. అంటిద్దామని చేత్తో పట్టుకునే, వేరే పనిమీద మిషను గదిలోకి వెళ్లాను. అక్కడి బల్లమీద పెట్టి మరిచిపోయాను. శనివారం అతనికి సెలవు. రోగులకు మాత్రం ఆ రోజంతా మిషను నడిచింది. సోమవారం పొద్దున్నే బ్యాడ్జి నా కంటబడింది. తీసి అరలో పెట్టాను. శుక్రవారం గడిలో 'అర' అని ఉంది. దిద్దలేదు.

కొన్ని వారాలకు ఫిల్ము ఫలితం వచ్చింది. అతనికి పరిమితి మించి చాలా తగిలిందట. బ్యాడ్జి ఎక్కడైనా వదిలేశారా అని పెద్దసారు నన్నడిగారు. లేదు సార్ అన్నాను. రిజిస్టరు చూపించాను. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. అయినా అతణ్ణి స్టోరుకు మార్చారు.

ఒకరోజు స్టోరు గుమ్మంలో నన్ను ఆపాడు.

"లెక్కలమ్మా, మాయావిడ అడగమంది. మాకు పిల్లలు పుడితే బాగుంటారేటి? సచ్ బోలియే, దాచకండి."

"కొన్నాళ్లు ఆగితే మంచిదేమో."

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లు? అన్నిటికీ లెక్క సెప్తారు, దీనికి నేదేటి?"

లేదన్నాను.

తగిలింది బ్యాడ్జికే, ఒంటికి కాదని ఒక్క వాక్యం చాలేది. ఎందుకు రాలేదు నా నోటికి? ఉద్యోగం పోతుందనా? ఆ భయమూ ఉంది. కానీ లోతుకు వెళ్లి చూసుకున్న ప్రతిసారీ కనిపించేది ఇంకొకటి: లెక్క తప్పదనే పేరు పోతుందని, ఆ పేరు కోసమే, ఒక మనిషిని తన ఒంటికే భయపడేలా చేశాను.

వాళ్లకు పిల్లలు లేరు. నా మాట వల్లేనా? తెలియదు. ఆ తెలియకపోవడం చాటునే ఇన్నేళ్లూ దాక్కున్నాను.

మొన్న ఈ ఊళ్లోనే, సోనారి పేటలో ఆటో కోసం నిలబడితే వాళ్లిద్దరూ ఎదురయ్యారు. అతని చేతికి కర్ర వచ్చింది. భార్యతో అన్నాడు: "ఈవిడేనే మన లెక్కలమ్మ. ఈవిడ లెక్క ఎన్నడూ తప్పనేదు." ఆమె నాకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. ఆటో వచ్చింది. ఎక్కేశాను.

భాలుబాసాకు ఎంత దూరమని? ఇంకా వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట ఇవ్వను, నా మాట విలువ నాకు తెలుసు. ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ గడి మాత్రం ఇక్కడ దిద్దుతున్నాను.

ఉంచిన చోటు: మిషను గది, బల్లమీద. మరిచిపోయింది నేను.